సిగరెట్ పెట్టెలో ఒకటింపావు సెంటు: ఓటర్లు డబ్బులిచ్చి చేయించుకున్న సైన్స్

ఈ రోజు ఎపిసోడ్ మా నానమ్మతో మొదలుపెడతాను.

మా నానమ్మది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్కన ఒక పల్లె. ఆవిడ చుట్ట కాల్చేది. మామూలుగా కాదు. నిప్పున్న కొసని నోటి లోపల పెట్టుకుని కాల్చేది. ఉత్తరాంధ్ర వాళ్ళకి తెలుసు, దాన్ని అడ్డపొగ అంటారు. చిన్నప్పుడు నాకది ఒక మ్యాజిక్‌లా ఉండేది. నోట్లో నిప్పు పెట్టుకుని మాట్లాడేది, చేపలు శుభ్రం చేసేది, మమ్మల్ని తిట్టేది కూడా. గాలికి చుట్ట ఆరిపోదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, అందుకే అలా కాలుస్తామని చెప్పేది.

చివరి రోజుల్లో ఆవిడ కారం తినలేకపోయింది. అంగిట్లో పుండు. ఇంట్లో అందరూ "వేడి చేసింది" అన్నారు. చుట్టకీ ఆ పుండుకీ సంబంధం ఉందేమోనని మా ఇంట్లో ఎవరికీ అనిపించలేదు. నాకూ అనిపించలేదు. నేనప్పుడు ఇంటర్.

చాలా ఏళ్ళ తర్వాత, ఈ ఎపిసోడ్ కోసం చదువుతుంటే ఒక పేపర్ కనిపించింది. 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వచ్చింది. మా జిల్లా గురించే! ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నుంచి డాక్టర్ ఫలి మెహతా బృందం, డెన్మార్క్ నుంచి యెన్స్ పిండ్‌బోర్గ్ అనే నోటి జబ్బుల నిపుణుడు కలిసి 10,169 మంది పల్లె జనం నోళ్ళు తెరిపించి, అంగిళ్ళు చూశారు. అడ్డపొగ కాల్చేవాళ్ళ అంగిట్లో ఎలాంటి మార్పులు వస్తాయో రాశారు. అంటే నేను పుట్టడానికి పాతికేళ్ళ ముందే సైన్స్‌కి ఈ విషయం తెలుసు. మా ఇంటికే తెలియలేదు.

ఇంకో విషయం కూడా నన్ను పట్టుకుంది. ఇంత పెద్ద సర్వేకి డబ్బులు ఎవరిచ్చారు? పీఎల్-480 అనే ఒప్పందం కింద అమెరికా ప్రజారోగ్య సంస్థ ఇచ్చింది. ఆ రోజుల్లో అమెరికా మనకి గోధుమలు అమ్మి, డాలర్లు కాకుండా రూపాయలు తీసుకునేది. ఆ రూపాయల్లో కొంత మన దేశంలోనే పరిశోధనలకి ఖర్చు పెట్టింది. అంటే మనం కొనుక్కున్న గోధుమల డబ్బే చుట్టూ తిరిగి వచ్చి మా పల్లెల్లో అంగిళ్ళు చూసింది.

అక్కడి నుంచి నా తలలో ఒకటే ప్రశ్న. పొగాకు వల్ల వచ్చే జబ్బుల మీద పరిశోధనకి డబ్బు ఎవరు పెట్టాలి? ఎవరు పెడితే ఏం బయటికి వస్తుంది? ఈ ప్రశ్నకి ప్రపంచంలో అందరికంటే సూటిగా జవాబు చెప్పిన రాష్ట్రం ఒకటుంది. కాలిఫోర్నియా. మన వాళ్ళు లక్షల్లో ఉన్న చోటే. ఫ్రీమాంట్‌లో ఉన్న మీ కజిన్ ఎప్పుడైనా సిగరెట్ పెట్టె కొంటే, ఈ కథకి తను కూడా డబ్బులు కడుతున్నట్టే. ఎలాగో చూద్దాం.

ముందు కంపెనీల డబ్బు

1950ల మొదట్లో సిగరెట్‌కీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ సంబంధం ఉందని వరసగా పరిశోధనలు వచ్చాయి. ఎలుకల చర్మం మీద సిగరెట్ తారు పూస్తే కణితులు వచ్చాయని 1953లో తేలింది. జనం భయపడ్డారు. ఆ డిసెంబర్‌లో అమెరికాలోని పెద్ద సిగరెట్ కంపెనీల అధిపతులు న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్‌లో కూర్చున్నారు. పక్కన ఒక పబ్లిక్ రిలేషన్స్ కంపెనీ.

1954 జనవరి 4న 400కి పైగా పేపర్లలో ఒక పెద్ద ప్రకటన వచ్చింది. సారాంశం ఏంటంటే, మా సిగరెట్లు హాని చేయవనే మా నమ్మకం, అయినా మీ ఆరోగ్యం మాకు ముఖ్యం, అందుకే పరిశోధనకి మేమే డబ్బులిస్తాం. అలా ఒక కమిటీ పుట్టింది. తర్వాత దాని పేరు కౌన్సిల్ ఫర్ టొబాకో రీసెర్చ్ అయింది. 1998 దాకా నడిచింది.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఆ డబ్బు తీసుకున్న వాళ్ళందరూ దొంగ సైంటిస్టులు కారు. చాలామంది మంచి యూనివర్సిటీల వాళ్ళు. కణాల గురించి, జన్యువుల గురించి నిజమైన పనే చేశారు. తేడా ఏంటంటే, "క్యాన్సర్ వంశంలో ఉంటుందా? ఒత్తిడి వల్ల వస్తుందా? వైరస్ వల్లా?" లాంటి ప్రశ్నలకి డబ్బు దొరికేది. "సిగరెట్ మనిషిని ఎలా చంపుతుంది?" అన్న ప్రశ్న మాత్రం పక్కకి జరిగేది. జవాబుల్లో అబద్ధం రాయాల్సిన పనే లేదు. ప్రశ్నని మార్చేస్తే చాలు.

మీరు ఎప్పుడైనా టెస్టింగ్ టీమ్‌లో పనిచేసి ఉంటే ఇది వెంటనే అర్థమవుతుంది. బగ్ ఉన్న స్క్రీన్‌ని తప్ప మిగతా అన్నీ టెస్ట్ చేయమంటే, రిపోర్ట్‌లో ప్రతి లైనూ నిజమే ఉంటుంది. ప్రొడక్ట్ మాత్రం పాడైపోయే ఉంటుంది.

1988: ఓటుతో వచ్చిన పన్ను

ఇప్పుడు కాలిఫోర్నియాకి వద్దాం. అక్కడ ఒక పద్ధతి ఉంది, మన దగ్గర లేదు. తగినన్ని సంతకాలు సేకరిస్తే, ఒక చట్టాన్ని జనమే నేరుగా బ్యాలెట్ మీద పెట్టొచ్చు. ఎమ్మెల్యేల దయ అక్కర్లేదు. ఓటర్లు అవునంటే అది చట్టం.

1988 నవంబర్‌లో అలా వచ్చిందే ప్రపోజిషన్ 99. సిగరెట్ పెట్టె మీద 25 సెంట్ల అదనపు పన్ను. అప్పటిదాకా ఉన్నది 10 సెంట్లు, అది 35 అవుతుంది. దీని వెనక ఉన్నది పర్యావరణ సంఘం వాళ్ళు, క్యాన్సర్ సొసైటీ, లంగ్ అసోసియేషన్ లాంటి వాళ్ళు. ఎదురుగా సిగరెట్ కంపెనీలు. ఓడించడానికి కంపెనీలు 2 కోట్ల డాలర్లకి పైగా ఖర్చు పెట్టాయి. పన్ను పెంచితే స్మగ్లింగ్ పెరుగుతుంది, గ్యాంగులు వస్తాయి, నేరాలు పెరుగుతాయి అని టీవీలో భయపెట్టారు. అయినా 58 శాతం మంది అవునన్నారు. 1989 జనవరి 1 నుంచి పన్ను అమల్లోకి వచ్చింది.

పన్ను వేయడం కొత్తేం కాదు. ఆ డబ్బు ఎక్కడికి వెళ్ళాలో చట్టంలోనే రాసేయడం కొత్త. వచ్చిన ప్రతి డాలర్లో 35 శాతం ఆసుపత్రులకి, 10 శాతం డాక్టర్ల సేవలకి, 20 శాతం పొగాకు గురించి జనానికి చెప్పడానికి, 5 శాతం పార్కులు, పర్యావరణానికి, 25 శాతం వీటిలో దేనికైనా వాడుకోవడానికి. మిగిలిన 5 శాతం? పొగాకు సంబంధిత జబ్బుల మీద పరిశోధనకి.

లెక్క వేయండి. 25 సెంట్లలో 5 శాతం అంటే ఒకటింపావు సెంటు. ఒక పెట్టెకి అంతే. కానీ కోట్ల పెట్టెలు అమ్ముడుపోయే రాష్ట్రం అది. మొదటి ఏళ్ళలో మొత్తం పన్ను ఏటా సుమారు 60 కోట్ల డాలర్లు వచ్చింది. అందులో పరిశోధన వాటా ఏటా 3 కోట్ల డాలర్ల దాకా. ఒక రాష్ట్రం, ఒకే ఒక్క కారణంతో వచ్చే జబ్బుల మీద, సొంతంగా ఇంత పెట్టడం అప్పటికి చాలా అరుదు.

1989లో రాష్ట్ర అసెంబ్లీ ఈ డబ్బుని నడిపే బాధ్యత యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకి అప్పగించింది. అలా టొబాకో రిలేటెడ్ డిసీజ్ రీసెర్చ్ ప్రోగ్రామ్ పుట్టింది. పొట్టిగా టీఆర్‌డీఆర్‌పీ. అయితే ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. డబ్బు పంచేది యూనివర్సిటీ, అడిగేవాళ్ళలో ఎక్కువమంది అదే యూనివర్సిటీ వాళ్ళు. మన ఊళ్ళో అయితే ఏం జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే దరఖాస్తుల్ని తూకం వేసే పని కాలిఫోర్నియా బయటి సైంటిస్టులకి ఇచ్చారు. స్టాన్‌ఫర్డ్ లాంటి ప్రైవేట్ యూనివర్సిటీలు, చిన్న స్వచ్ఛంద సంఘాలు కూడా అడగొచ్చు. షరతు ఒకటే, పని కాలిఫోర్నియాలో జరగాలి.

డబ్బు మీద చెయ్యి పడింది

ఇక్కడితో కథ సుఖాంతం అనుకుంటే పొరపాటే. కంపెనీలు ఓటులో ఓడిపోయాయి కానీ ఇంటికి వెళ్ళలేదు. దానికి తోడు 1990ల మొదట్లో కాలిఫోర్నియా బడ్జెట్ కటకటలాడింది. ఖజానా ఖాళీగా ఉన్నప్పుడు, పక్క డబ్బాలో ఉన్న డబ్బు అందరికీ కనిపిస్తుంది.

1992 జనవరిలో గవర్నర్ పీట్ విల్సన్ పొగాకు వ్యతిరేక ప్రకటనల్ని ఆపేశాడు. లంగ్ అసోసియేషన్ కోర్టుకి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టించింది. తర్వాత వంతు పరిశోధనది. 1994లోనూ, 1995లోనూ అసెంబ్లీ చట్టాలు చేసి, పరిశోధనకి, ప్రచారానికి రాసిపెట్టిన డబ్బుని పేదల వైద్య సేవలకి మళ్ళించింది.

ఇప్పుడు మీరే చెప్పండి. పేదలకి వైద్యం అంటే ఎవరు కాదంటారు? వాదన చాలా బలమైనది. ఎదురుగా ఉన్న రోగి ముఖ్యమా, ల్యాబ్‌లో ఉన్న టెస్ట్ ట్యూబ్ ముఖ్యమా? నిజాయితీగా చెప్పాలంటే, నేను అప్పుడు అక్కడుండి ఓటు వేయాల్సి వస్తే తడబడేవాణ్ణి.

కానీ కోర్టు ముందుకి వచ్చిన ప్రశ్న వేరు. ప్రపోజిషన్ 99లో ఒక లైను ఉంది. దీన్ని మార్చాలంటే అసెంబ్లీలో ఐదింట నాలుగు వంతుల మెజారిటీ కావాలి, ఆ మార్పు కూడా అసలు ఉద్దేశానికి తగ్గట్టే ఉండాలి. పరిశోధన డబ్బు తీసి ఇంకోచోట పెట్టడం ఆ ఉద్దేశానికి తగ్గట్టు ఉందా? లేదని కోర్టు చెప్పింది. రెండోసారి మళ్ళించినప్పుడూ అడ్డుకట్ట పడింది. 1996లో డబ్బు మళ్ళీ పరిశోధన ఖాతాకి వచ్చింది.

ఆ మధ్యలో ల్యాబుల్లో ఏం జరిగి ఉంటుందో ఊహించండి. పరిశోధన అంటే స్విచ్ కాదు, ఆపి మళ్ళీ వేయడానికి. మూడేళ్ళ ప్రాజెక్ట్ రెండో ఏడాదిలో ఆగితే, అందులో పనిచేసే పీహెచ్‌డీ స్టూడెంట్ వేరే టాపిక్‌కి వెళ్ళిపోతాడు. మళ్ళీ డబ్బు వచ్చినా ఆ మనిషి రాడు.

బట్స్ గారి పెట్టె

అదే సమయంలో ఇంకో కథ నడుస్తోంది. 1994 ఏప్రిల్ 14న ఏడు పొగాకు కంపెనీల అధిపతులు అమెరికా పార్లమెంట్ కమిటీ ముందు ప్రమాణం చేసి, నికోటిన్ వ్యసనం కాదని తాము నమ్ముతున్నామని చెప్పారు. ఆ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది, చూడండి.

నెల తిరక్కుండానే, మే నెలలో, శాన్ ఫ్రాన్సిస్కోలోని యూసీఎస్‌ఎఫ్ ప్రొఫెసర్ స్టాంటన్ గ్లాంట్జ్‌కి ఒక పెట్టె వచ్చింది. పంపినవాళ్ళ పేరు ఉండాల్సిన చోట "మిస్టర్ బట్స్" అని ఉంది. ఒక కామిక్ స్ట్రిప్‌లోని సిగరెట్ పాత్ర పేరు అది. లోపల బ్రౌన్ అండ్ విలియమ్సన్ అనే కంపెనీ లోపలి కాగితాలు, సుమారు 4,000 పేజీలు. నికోటిన్ వ్యసనమే అని ఆ కంపెనీ లాయర్ 1963లోనే రాసుకున్నాడు. అంటే ప్రమాణం చేయడానికి 31 ఏళ్ళ ముందు.

మన ఇంజనీర్లకి ఒక చిన్న సంతోషం. ఈ గ్లాంట్జ్ డాక్టర్ కాదు. ఏరోస్పేస్ ఇంజనీరింగ్ చదివి, గుండె ఎలా పనిచేస్తుందో లెక్కలు కడుతూ పొగాకు వైపు వచ్చినవాడు.

ఆయన ఆ కాగితాల్ని యూనివర్సిటీ లైబ్రరీలో పెట్టాడు. కంపెనీ డిటెక్టివ్‌లు వచ్చి, ఎవరెవరు చదువుతున్నారో లైబ్రరీలో కూర్చుని చూశారు. కాగితాలు తిరిగి ఇమ్మని యూనివర్సిటీ మీద కేసు వేశారు. యూనివర్సిటీ తల వంచలేదు. 1995 జూన్ చివర్లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు కూడా కంపెనీ మాట వినలేదు. జూలై 1న ఆ పేజీలు ఇంటర్నెట్‌లో పెట్టేశారు. 1995 ఇంటర్నెట్ అంటే ఏంటో మీ నాన్నగారిని అడగండి. ఈ రోజు యూసీఎస్‌ఎఫ్ దగ్గర అలాంటి కంపెనీ పత్రాలు కోటికి పైగా ఉన్నాయి. మీ ఫోన్లో కూడా వెతకొచ్చు, ఫ్రీ.

అదే ఏడాది ఢిల్లీ లాంటి వాషింగ్టన్‌లో ఏం జరిగిందో తెలుసా? జాతీయ క్యాన్సర్ సంస్థ గ్లాంట్జ్‌కి ఇస్తున్న గ్రాంట్‌ని ప్రత్యేకంగా పేర్కొని ఆపించాలని పార్లమెంట్ దిగువ సభ బడ్జెట్ కమిటీ ప్రయత్నించింది. ఆ ప్రయత్నం నెగ్గలేదు. కానీ సందేశం అందరికీ చేరింది. కేంద్రం డబ్బు మీద ఆధారపడితే ఒక కమిటీ గదిలో నీ పని ఆగిపోవచ్చు. కంపెనీ డబ్బు మీద ఆధారపడితే నీ ప్రశ్నే మారిపోవచ్చు. అప్పుడు ఓటర్లు చట్టంలో రాసిన ఆ ఒకటింపావు సెంటు విలువ ఏంటో తెలుస్తుంది.

ఏం కనిపెట్టారు?

"సరే బ్రో, ఇంత డబ్బు పెట్టి ఏం సాధించారు?" అని కామెంట్ వస్తుందని తెలుసు. రెండు ఉదాహరణలు చెప్తాను. మొదటిది ఆ పన్నుతో నడిచిన మొత్తం ప్రోగ్రామ్ గురించి, రెండోది నేరుగా పరిశోధన డబ్బు గురించి.

ఒకటి, గుండె. 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక లెక్క వచ్చింది. గ్లాంట్జ్, ఆయన సహ పరిశోధకురాలు కలిసి కాలిఫోర్నియాని మిగతా అమెరికాతో పోల్చారు. పొగాకు నియంత్రణ ప్రోగ్రామ్ మొదలైన 1989 నుంచి 1997 దాకా, ఆ రాష్ట్రంలో గుండె జబ్బు మరణాలు ఉండాల్సిన దానికంటే 33,300 తక్కువ. ఇదే పేపర్లో ఇంకో అంకె ఉంది. 1992 నుంచి ప్రోగ్రామ్‌కి కోతలు పెట్టకపోయి ఉంటే, ఇంకో 8,300 మంది బతికేవాళ్ళని. ఇందాక మనం చెప్పుకున్న కోతలు ఉన్నాయి కదా, ప్రకటనలు ఆపడం, డబ్బు మళ్ళించడం, వాటి బిల్లు అది. బడ్జెట్ పేపర్లో ఒక లైను కొట్టేస్తే, అది స్మశానంలో ఎక్కడో లెక్కకి వస్తుంది.

రెండోది గోడలకి పట్టిన పొగ. మీరు ఎప్పుడైనా బ్యాచిలర్ రూమ్ అద్దెకి తీసుకుంటే తెలుస్తుంది. పాత మనిషి ఖాళీ చేసి నెలైనా కర్టెన్లలో, పరుపులో సిగరెట్ వాసన ఉంటుంది. అది వాసనే కదా, పోతుంది అనుకుంటాం. 2010లో బర్క్‌లీ ల్యాబ్ శాస్త్రవేత్తలు, టీఆర్‌డీఆర్‌పీ డబ్బుతో, ఒక విషయం తేల్చారు. గోడలకి, బట్టలకి అంటుకున్న నికోటిన్, గాలిలో ఉండే నైట్రస్ ఆమ్లంతో కలుస్తుంది. ఈ ఆమ్లం గ్యాస్ పొయ్యిల నుంచి, బండ్ల పొగ నుంచి వస్తుంది. ఆ రెండూ కలిసి క్యాన్సర్ కలిగించే రసాయనాలుగా మారతాయి. అంటే సిగరెట్ ఆరిపోయాక కూడా గదిలో కొత్త విషం తయారవుతూ ఉంటుంది. నేల మీద పాకే పిల్లలకి ఇది ఎక్కువ ప్రమాదం. ఈ ప్రశ్నకి కంపెనీ డబ్బులిచ్చేదా? మీరే ఆలోచించండి.

అదే పరిశోధన, వేరే జేబు

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించిన ఘట్టం. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 1959లో లక్షల మంది వివరాలతో ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టింది. అందులో కాలిఫోర్నియా వాళ్ళని 1990ల దాకా అనుసరించడానికి లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ పరిశోధకుడు ఒకరు టీఆర్‌డీఆర్‌పీని డబ్బు అడిగాడు. మొదట ఇచ్చారు. తర్వాత కొనసాగించడానికి ఒప్పుకోలేదు. అప్పుడు ఆయన సెంటర్ ఫర్ ఇండోర్ ఎయిర్ రీసెర్చ్ అనే సంస్థ దగ్గరికి వెళ్ళాడు. దానికి డబ్బు ప్రధానంగా సిగరెట్ కంపెనీల నుంచే.

2003 మే నెలలో ఆ ఫలితం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. పక్కవాళ్ళ పొగ పీల్చడం వల్ల చావులు పెరిగినట్టు కనిపించలేదని. కంపెనీలకి పండగ. క్యాన్సర్ సొసైటీ మాత్రం గట్టిగా అభ్యంతరం చెప్పింది. ఆ రోజుల్లో సిగరెట్ పొగ లేని చోటే లేదు, భార్యాభర్తల్లో ఒకరు కాల్చరు అన్నంత మాత్రాన ఆ ఇంకొకరు పొగ పీల్చలేదని ఎలా లెక్కిస్తారు అని.

ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. టీఆర్‌డీఆర్‌పీ డబ్బు ఆపింది కాబట్టే ఆ మనిషి కంపెనీల దగ్గరికి వెళ్ళాడు కదా, ప్రభుత్వ డబ్బుకి మాత్రం పక్షపాతం ఉండదా అని ఎవరైనా అడగొచ్చు. మంచి ప్రశ్నే. ప్రభుత్వ డబ్బుకీ ఇష్టాయిష్టాలు ఉంటాయి. తేడా నాకు ఒకచోట కనిపిస్తుంది. ఫలితం ఎలా వచ్చినా టీఆర్‌డీఆర్‌పీ అమ్మే సరుకు ఏదీ లేదు. కంపెనీకి ఉంది. అందుకే ఏ పేపర్ చదివినా నేను ఇప్పుడు చివరి పేరాకి వెళ్తాను. నిధులు ఎవరివి అని రాసి ఉండే చోటికి.

గెలిస్తే ఖాళీ అయ్యే ఖజానా

ఇక చివరి చిక్కుముడి. ఈ పరిశోధనకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? సిగరెట్లు అమ్ముడుపోతే వస్తుంది. ఈ పరిశోధన లక్ష్యం ఏంటి? సిగరెట్లు అమ్ముడుపోకుండా చేయడం. అంటే పని ఎంత బాగా చేస్తే జీతం అంత తగ్గుతుంది! ఇలాంటి అప్రైజల్ సిస్టమ్ ఏ కంపెనీలోనూ చూడలేదు నేను.

నిజంగా అదే జరిగింది. 1988లో కాలిఫోర్నియా పెద్దవాళ్ళలో దాదాపు నలుగురిలో ఒకరు సిగరెట్ కాల్చేవాళ్ళు. 2010ల చివరికి అది సుమారు 11 శాతానికి వచ్చింది. పన్ను రాబడి కరిగిపోయింది. ధరలు పెరిగాయి, 25 సెంట్లు 25 సెంట్లుగానే ఉండిపోయాయి. జబ్బులు మాత్రం వెంటనే తగ్గవు. ఇరవై ఏళ్ళ క్రితం కాల్చిన సిగరెట్ ఈ రోజు క్యాన్సర్‌గా వస్తుంది. అంటే డబ్బు ముందు అయిపోతుంది, రోగులు తర్వాత వస్తారు.

2012 జూన్‌లో మళ్ళీ ఓటు. ప్రపోజిషన్ 29. పెట్టెకి ఒక డాలర్, క్యాన్సర్ తదితర పొగాకు జబ్బుల పరిశోధనకే ప్రధానంగా. మొదట్లో సర్వేల్లో గెలుస్తుందనే అనిపించింది. కంపెనీలు 4 కోట్ల డాలర్లకి పైగా కుమ్మరించాయి. ఈసారి వాళ్ళ ప్రచారంలో సిగరెట్ ఊసే తక్కువ. ఇది కొత్త అధికారగణం, మీ డబ్బు రాష్ట్రం బయటికి పోతుంది, లెక్క అడిగేవాడు ఉండడు అన్నారు. ఒక శాతం కంటే తక్కువ తేడాతో ఓడిపోయింది.

నాలుగేళ్ళ తర్వాత, 2016 నవంబర్‌లో, ప్రపోజిషన్ 56. పెట్టెకి 2 డాలర్లు. ఈ-సిగరెట్లకి కూడా పన్ను. కంపెనీలు సుమారు 7 కోట్ల డాలర్లు పెట్టినా, 64 శాతం మంది అవునన్నారు. ఎక్కువ భాగం పేదల వైద్యానికి వెళ్ళేలా, పరిశోధనకి కూడా వాటా ఉండేలా రాశారు. గమనించారా? 1994లో రోగికీ ల్యాబుకీ మధ్య పెట్టిన పోటీని, 2016లో ఒకే కాగితం మీద ఇద్దరికీ రాసి తీర్చారు.

ఈ పెంపు కూడా ఒక రోజు కరిగిపోతుంది. అప్పుడు మళ్ళీ అడగాలి. ఈ చరిత్ర నుంచి నాకు అర్థమైంది ఇదే. స్వతంత్రంగా ఉండే డబ్బు ఒకసారి గెలుచుకుంటే ఊరికే నిలబడదు. ప్రతి పదేళ్ళకోసారి ఎవరో ఒకరు మళ్ళీ సంతకాలు సేకరించాలి, కోర్టు మెట్లు ఎక్కాలి.

మన దగ్గర

ఇప్పుడు ఇంటికి వద్దాం. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ పెట్టారు. మంచి విత్తనం, మంచి ఆకు, తెగుళ్ళు, ఎరువులు. 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు వచ్చింది. ఎగుమతులు, రైతుకి ధర. వాటిని తప్పుపట్టను. ప్రకాశం జిల్లాలో ఆ పంట మీద బతికే కుటుంబాలు ఎన్ని ఉన్నాయో తెలుసు, నా కాలేజీ రూమ్మేట్ ఫీజు ఆ పంట నుంచే వచ్చింది. కానీ ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. ఆకు బాగా పెరగడానికి మన ప్రభుత్వం సంస్థ పెట్టింది. ఆ ఆకు మా నానమ్మ అంగిట్లో ఏం చేస్తుందో చూడటానికి డబ్బు అమెరికా గోధుమల ఖాతాలోంచి రావాల్సి వచ్చింది.

అప్పుడొచ్చిన ఆ బృందం చూసిన పదివేల మందిలో మా నానమ్మ ఉందో లేదో నాకు తెలియదు. ఆవిడకి అప్పటికి ముప్పై లోపే. ఉండి ఉంటే, నోరు తెరిచి ఉంటుంది, ఎవరో టార్చ్ వేసి చూసి, కాగితం మీద ఏదో రాసుకుని ఉంటారు. ఆ కాగితం ఇంగ్లీషులో లండన్ వెళ్ళింది. మా వీధికి మాత్రం తిరిగి రాలేదు.

కాలిఫోర్నియా చట్టంలో పరిశోధనకి 5 శాతం రాశారని చెప్పాను కదా. దాని పక్కనే జనానికి చెప్పడానికి 20 శాతం రాశారు. కనిపెట్టడానికి ఒక వంతు, చెప్పడానికి నాలుగు వంతులు. ఆ లెక్క రాసినవాళ్ళకి మా ఇల్లు తెలియదు, కానీ మా ఇంట్లో ఏం లోపించిందో వాళ్ళకి తెలుసు.

మీ ఇంట్లో ఇప్పుడు చుట్టో, బీడీయో, ఖైనీయో, వేపో వాడేవాళ్ళు ఉంటే, నోట్లో తెల్ల మచ్చ గానీ, రెండు వారాలైనా మానని పుండు గానీ ఉంటే, వేడి చేసిందని వదిలేయకండి. డెంటిస్ట్ దగ్గరికో ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికో తీసుకెళ్ళండి. ఈ వారమే. మా నానమ్మ విషయంలో నేను చేయనిది అదే.

మీ పల్లెలో అడ్డపొగ గురించి మీకు తెలిసిన కథలు ఉంటే కామెంట్లలో రాయండి, అన్నీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.